"టెక్నికల్ ఓకే, సాఫ్ట్ స్కిల్స్ లేవు" అన్నారు. ఇప్పుడేం నేర్చుకోవాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎలక్ట్రికల్ డిప్లొమా అయ్యి ఏడాదిన్నర. మూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రెండుచోట్ల ఏమీ చెప్పలేదు. మూడోచోట "టెక్నికల్ ఓకే, సాఫ్ట్ స్కిల్స్ ఇంప్రూవ్ చేసుకో" అని పంపేశారు. రాజమండ్రిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 రోజుల సాఫ్ట్ స్కిల్స్ కోర్సుకి 18,000 అడుగుతున్నారు. చేరాలా? అసలు హార్డ్ స్కిల్స్, సాఫ్ట్ స్కిల్స్ అంటే ఏంటి, ముందు ఏవి నేర్చుకోవాలి? ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడొచ్చా? ప్రస్తుతానికి ఖాళీనే. నాన్న రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) పాడైతే బాగుచేయడం, రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయడం, అంతే.

జవాబు:

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఆ చివరి వాక్యం. దాన్ని నువ్వు "అంతే" అని కొట్టిపారేశావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనుకుంటావు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెల్పర్‌గా చేరాను. 24 ఏళ్లయింది. భీమవరం చుట్టుపక్కల మూడు ప్లాంట్లు మారాను, ఇప్పుడు మెయింటెనెన్స్ ఇన్‌చార్జిని. కంప్రెసర్లు, ప్లేట్ ఫ్రీజర్లు, జనరేటర్లు, ప్యానెళ్లు నా కింద ఉంటాయి. ట్రైనీలను తీసుకునేటప్పుడు టేబుల్‌కి అవతలి పక్క కూర్చునేది నేనే. నీకు చెప్పిన ఆ మాట నేనూ చాలామందికి చెప్పి పంపాను. అందుకే దాని అర్థం విప్పి చెప్పాల్సిన బాధ్యత కూడా కొంత నాదే అనిపించింది.

నిర్వచనాలు రెండు ముక్కల్లో అయిపోతాయి. హార్డ్ స్కిల్ అంటే పరీక్ష పెట్టి చూడగలిగేది. స్టార్ డెల్టా స్టార్టర్ వైరింగ్ చేయగలవా, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడగలవా, సర్క్యూట్ డ్రాయింగ్ చదవగలవా? వచ్చా రాదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. అకౌంట్స్ వాడికి టాలీ, నర్సుకి ఐవీ లైన్ పెట్టడం, లారీ డ్రైవరుకి డ్రైవింగ్ అలాంటివే. ఆ పనిని నలుగురి మధ్య, టైముకి, ఒకరికొకరు తెలిసేలా, గొడవ లేకుండా నడిపించడానికి కావాల్సినవి సాఫ్ట్ స్కిల్స్. విని అర్థం చేసుకోవడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం, తప్పు ఒప్పుకోవడం, చిరాకులో ఉన్న మనిషితో కూడా పని కానివ్వడం లాంటివి.

సాఫ్ట్ అంటే తేలిక అనుకుంటారు చాలామంది. ఆ పేరు పుట్టిన చోటు చూస్తే అలా అనుకోం. ఈ మాటను ముందుగా వాడుకలోకి తెచ్చింది అమెరికా సైన్యం. 1960ల చివర్లో, 1970ల మొదట్లో సైనికుల శిక్షణను పద్ధతిలో పెడుతూ, యంత్రాలతో చేసే పనులను హార్డ్ అన్నారు. మనుషులతో, కాగితాలతో చేసే పనులను, అంటే కింది వాళ్లను నడిపించడం, తనిఖీలు చేయడం, రిపోర్టులు రాయడం వంటివాటిని సాఫ్ట్ అన్నారు. 1972లో దీనిమీద ఒక సమావేశమే పెట్టుకున్నారు. అక్కడ వాళ్లు తలపట్టుకున్న విషయం ఏమిటంటే, ట్యాంకు తోలడం ఎలా నేర్పాలో తెలుసు గానీ పదిమందిని నడపడం ఎలా నేర్పాలో సరిగ్గా తెలియదు అని. అంటే తేలిక కాబట్టి ఆ పేరు రాలేదు. చేతికి దొరకనిది కాబట్టి వచ్చింది.

ఇంకోటి. ఆ ఇన్‌స్టిట్యూట్ పాంప్లెట్లో "జీవితంలో విజయానికి 85 శాతం సాఫ్ట్ స్కిల్సే కారణం" అని ఉండే ఉంటుంది. అన్ని పాంప్లెట్లలోనూ ఉంటుంది. ఆ అంకెను లాక్కెళ్లి ముడిపెట్టేది 1918లో చార్లెస్ మాన్ అనే ఆయన అమెరికాలో ఇంజినీరింగ్ చదువుల మీద రాసిన నివేదికకి. మంచి ఇంజినీరుకి ఏం ఉండాలి అని ఇంజినీర్లను అడిగితే, నడవడిక, విచక్షణ లాంటివి పైన పెట్టి టెక్నికల్ విషయాలను కింద పెట్టారు. అది వాళ్ల అభిప్రాయం. ఎవరి జీతాన్నీ ఎవరూ కొలవలేదు. పైగా అడిగింది అప్పటికే పని వచ్చిన ఇంజినీర్లను. పని రానివాడికి మాటకారితనం ఉంటే 85 శాతం పని అయిపోతుందని దానికి అర్థం కాదు.

ఇక అసలు విషయం. సాఫ్ట్ స్కిల్స్ అంటే మనవైపు పిల్లలు మూడు అనుకుంటారు: ఇంగ్లీషు గడగడా మాట్లాడటం, టక్ చేసుకోవడం, నవ్వుతూ కనపడటం. నేను ఇంటర్వ్యూలో వెతికేది ఈ మూడింట్లో ఏదీ కాదు. ఏం వెతుకుతానో చెప్పాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ప్లాంటులో, రాత్రి షిఫ్టులో ఒక ట్రైనీ ఉండేవాడు. డిప్లొమా, మంచి మార్కులు, చేతిలో పని కూడా ఉంది. కండెన్సర్‌కి నీళ్లు తోడే 5 హెచ్‌పీ పంపు మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, అంటే దానంతటదే ఆగిపోతోంది. స్టాండ్‌బై పంపు బేరింగ్ కోసం విప్పి ఉంది. వీడు రెండుసార్లు రీసెట్ చేశాడు. మూడోసారి కూడా పడిపోయేసరికి ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) సెట్టింగు 7 ఆంపియర్ల నుంచి 9కి తిప్పేశాడు. మోటారు పరిగెత్తింది. తెల్లారి 6 గంటలకు షిఫ్ట్ మారేటప్పుడు వచ్చినతను "ఏవన్నా ఉందా?" అని అడిగితే "అంతా ఓకే అండీ" అన్నాడు. లాగ్ బుక్కులో కూడా ఓకే అనే రాశాడు. తొమ్మిదింటికల్లా పంపు రూములో కాలిన వాసన. బేరింగ్ బిగుసుకుపోయి మోటారు లోడు లాగుతోంది, దాన్ని కాపాడాల్సిన రిలేని మనవాడు జోకొట్టి పడుకోబెట్టాడు. వైండింగు మాడిపోయింది. కండెన్సర్‌కి నీళ్లు లేవు, ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ఆగిపోయింది, ఫ్రీజర్లలో సరుకు సగం గడ్డకట్టి ఉంది. ఆ పూట మేం పడ్డ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా నాకు చెమట పడుతుంది.

వాణ్ణి పిలిచి అడిగాను. "నాకు ఒక్క ఫోన్ చెయ్యచ్చు కదరా" అన్నాను. వాడు చెప్పిన జవాబు నేను ఎప్పటికీ మర్చిపోను: "మీరు పడుకుని ఉంటారు కదండీ, ఇబ్బంది పెట్టడం ఎందుకని."

చూశావా? ఆ కుర్రాడికి మర్యాద లేక కాదు, ఎక్కువై. రిలే నాబ్ ఎటు తిప్పాలో తెలియడం హార్డ్ స్కిల్. తిప్పానని చెప్పకపోవడం దగ్గర వాడు దెబ్బతిన్నాడు.

అదే ప్లాంటులో తర్వాత ఇంకో కుర్రాడు చేరాడు. ఐటీఐ, మార్కులు అంతంతమాత్రం, ఇంగ్లీషు సున్నా. చేరిన రెండో నెలలో రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు. "సార్, రెండో నంబరు పంపు రెండుసార్లు ట్రిప్ అయిందండీ. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే 8.5 ఆంపియర్లు లాగుతోంది, నేమ్‌ప్లేట్ మీద 7 ఉంది. ఆపేసి స్టాండ్‌బై వేశాను. విప్పి చూడమంటారా, పొద్దున్న దాకా ఆగమంటారా?" అన్నాడు. ఆ ఫోన్ అర నిమిషం కూడా లేదు. ఏం జరిగింది, ఎంత, నేనేం చేశాను, మీరేం చెప్తారు: అన్నీ అందులో ఉన్నాయి. నేను "పొద్దున్న చూద్దాం" అని మళ్లీ పడుకున్నాను. వాడు ఇవాళ షిఫ్ట్ ఇన్‌చార్జి. కమ్యూనికేషన్ స్కిల్స్ అని మీ బయోడేటాల్లో రాస్తారే, నా లెక్కలో ఆ ఫోన్ కాలే కమ్యూనికేషన్.

ఇక్కడ మన గోదావరి జిల్లాల వాళ్ల గురించి ఒక మాట అనాలి. నేనూ ఇక్కడివాణ్ణే కాబట్టి నొచ్చుకోకు. మనకి "అండీ" లేకుండా నోరు తెరుచుకోదు. కోనసీమ వెళ్తే "ఆయ్" అంటారు, ఇంకా ముద్దుగా ఉంటుంది. ఎవరైనా పెళ్లికి పిలిస్తే రాము అని మొహం మీద చెప్పం. "చూద్దాం లెండి", "వీలు చూసుకుని వస్తాం" అంటాం. పిలిచినవాడికీ తెలుసు వీడు రాడని, చెప్పినవాడికీ తెలుసు. అరిటాకు లెక్క ఎలాగోలా సరిపోతుంది. ఇది మన అందం, కాదనను. కానీ ఇదే అలవాటు పనిలోకి తీసుకెళ్తే కొంప ముంచుతుంది. మర్యాద వేరు, సమాచారం వేరు. పైవాడికి చెడ్డ కబురు టైముకి చెప్పడం మర్యాద తక్కువ పని అనుకున్నంత కాలం, మనం ఎంత మంచివాళ్లమైనా మన చేతికి మెషిన్ అప్పజెప్పడానికి జంకుతారు.

ఇది ఎవరినో చూసి చెప్పడం లేదు. నేను కొత్తగా చేరినప్పుడు మా మేనేజరు మధ్యాహ్నం వచ్చి "జనరేటర్ ప్యానెల్ సాయంత్రానికి అయిపోద్దా?" అన్నాడు. అందులో వేయాల్సిన కాంటాక్టరు (కరెంటు కలిపే, తెంపే స్విచ్ లాంటి భాగం) విజయవాడ నుంచి రావాలి, ఇంకా బయల్దేరలేదని నాకు తెలుసు. అయినా నా నోట్లోంచి వచ్చింది "అయిపోద్దండీ" అని. ఎందుకలా అన్నానంటే చెప్పలేను, అలవాటు. సాయంత్రం కాలేదు. రాత్రి కరెంటు పోయింది. ఆయన తిట్టలేదు. "మధ్యాహ్నమే కాదని చెప్పుంటే అద్దె జనరేటర్ తెప్పించేవాణ్ణి కదయ్యా" అన్నాడు, అంతే. తిట్టుంటే బాగుండేది. "కాంటాక్టర్ రాలేదండీ, రేపు మధ్యాహ్నానికి అవుతుంది" అని అండీ పెట్టి కూడా కాదని చెప్పొచ్చని నాకు తెలియడానికి ఆ రాత్రి పట్టింది.

ఇప్పుడు నీ ఏరియేటర్ల దగ్గరికి వద్దాం.

నువ్వు ఖాళీగా ఉన్నాను అన్నావు. వనామీ రొయ్యల చెరువులో ఏరియేటర్ అంటే ఏమిటో చెరువు పక్కన పుట్టిన నీకు నేను చెప్పక్కర్లేదు గానీ, నీ బయోడేటా చదివే హెచ్‌ఆర్ అమ్మాయికి తెలియకపోవచ్చు. ఎండ పోయాక నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారుచేయడం ఆగిపోతుంది, పీల్చుకోవడం మాత్రం అందరూ పీల్చుకుంటారు. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. సరిగ్గా ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే పంటంతా పైకి తేలే ప్రమాదం. అంటే నువ్వు రాత్రి రెండింటికి లేచి చీకట్లో, తడి గట్టు మీద, ఆగిపోతే లక్షలు పోయే మోటార్లను వెతికి పట్టుకుని నడిపిస్తున్నావు. ఆయిల్ సీలు పోయి గేర్‌బాక్సులో నీళ్లు చేరితే ఎలా తెలుసుకుంటావు? ఒక ఫేజు పోయి మోటారు మూలుగుతుంటే ఎంతసేపట్లో ఆపాలో నీకు తెలుసా, తెలియదా? నాకు కావాల్సిన మెయింటెనెన్స్ ట్రైనీ చేయాల్సిన పని ఇదే. మా ప్లాంటులో కాస్త వెలుతురు ఎక్కువ, అంతే తేడా.

మరి బయోడేటాలో ఏం రాసి ఉంటావు? చూడకపోయినా చెప్పగలను. "గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్, టీమ్ ప్లేయర్, హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్." హాబీలు: పాటలు వినడం, క్రికెట్. నేను చూసే ప్రతి బయోడేటా ఇదే, ఒకే జెరాక్స్ సెంటరులో తయారైనట్టు. గుణాలు రాయొద్దు, పనులు రాయి. "ఏడాదిన్నరగా సొంత రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ మోటార్ల నిర్వహణ. బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చడం, స్టార్టర్ రిపేరు, రాత్రిపూట కరెంటు పోతే జనరేటర్ మీదికి లోడు మార్చడం." ఇందులో నువ్వు నిజంగా చేసినవే ఉంచు, చేయనివి కొట్టెయ్. ఎన్ని మోటార్లు, ఎంత హెచ్‌పీ అన్నది అంకెల్లో రాయి. ఆ ఒక్క వాక్యం చదివితే నేను తల పైకెత్తి నీ మొహం చూస్తాను. "టీమ్ ప్లేయర్" చదివి ఇంతవరకూ ఎవరి మొహమూ చూడలేదు.

అలాగే పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు సంగతి గుర్తుచేసుకో. కొనుగోలుదారు వచ్చి కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో లెక్క తీస్తాడు. కిలోకి 50 తూగాల్సిన రొయ్య 54 తూగిందంటాడు, రేటు తగ్గిస్తానంటాడు. మీ నాన్న వల మళ్లీ వేయించి, ఇంకోచోట నుంచి శాంపిలు తీయించి, గొంతు పెంచకుండా, రేపు మళ్లీ అదే మనిషికి అమ్మాలని గుర్తుపెట్టుకుని మాట్లాడతాడు చూడు. నువ్వు పక్కన తక్కెడ పట్టుకుని నిలబడి ఉంటావు. నెగోషియేషన్ అని ఆ 45 రోజుల కోర్సులో ఒక క్లాసు ఉంటుంది. అక్కడ చెప్పేవాడు ఎప్పుడైనా తన సొంత సరుకు అమ్మాడో లేదో నాకు అనుమానమే.

నేను ఇంటర్వ్యూ ఎలా చేస్తానో చెప్తాను, నీ సందేహం చాలావరకు అక్కడే తీరుతుంది. టేబుల్ మీద ఒక స్టార్టర్ డబ్బా పెడతాను. లోపల హోల్డింగ్ కాంటాక్ట్ వైరు ఊడదీసి ఉంచుతాను. పచ్చ బటన్ నొక్కినంతసేపు కాంటాక్టరు పట్టుకుంటుంది, వేలు తీయగానే పడిపోతుంది. "ఎందుకో చూడు" అంటాను. కొందరు వెంటనే స్క్రూడ్రైవర్ లోపల పెట్టేస్తారు. సప్లయ్ ఉందా లేదా అని అడగరు. అక్కడితో నా నిర్ణయం అయిపోతుంది, వాడికి ఎన్ని మార్కులున్నా సరే. కొందరు మౌనంగా చూసి, కనిపెట్టి, వైరు పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడతారు. పని వచ్చినవాళ్లే. కానీ ఏం చేశారో నేను అడిగి చెప్పించుకోవాలి. ఒకరిద్దరు మాత్రం "సప్లయ్ తీస్తానండీ" అని, తీసి, టెస్టర్ పెట్టి చూసుకుని, "నొక్కితే పట్టుకుంటోంది కాబట్టి కాయిల్ బాగానే ఉంది, వదిలితే పడుతోంది కాబట్టి హోల్డింగ్ చూడాలి" అని పైకి అనుకుంటూ చేస్తారు. తప్పు దొరక్కపోయినా సరే, ఇలా చేసినవాణ్ణి నేను తీసుకుంటాను. ఆ అయిదు నిమిషాల్లో హార్డ్ స్కిల్ ఎక్కడ ఆగిందో, సాఫ్ట్ స్కిల్ ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పమంటే నావల్ల కాదు.

నీ మూడో ఇంటర్వ్యూలో ఏం జరిగి ఉంటుందో నా ఊహ చెప్తాను. అడిగినవాటికి జవాబు చెప్పావు, ఒక్కో ముక్కలో. తెలియనిది అడిగితే తలదించుకున్నావు. "మీరేమైనా అడుగుతారా?" అంటే "ఏం లేదండీ" అన్నావు. బలహీనత ఏమిటంటే "ఐ ట్రస్ట్ పీపుల్ ఈజీలీ" అని చెప్పావేమో కూడా. అది చెప్పకు నాయనా. గోదావరి జిల్లాల్లో ఇంత నమ్మకస్తులు ఉన్నారా అనిపించేలా అందరూ అదే చెప్తారు. తెలియని ప్రశ్న వస్తే "ఇది నేను చేయలేదండీ, కాకపోతే చెరువు దగ్గర ఇలాంటిదే ఒకసారి వస్తే ఇలా చూశాను" అను. చివర్లో అడగడానికి రెండు ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకో: షిఫ్టులు ఎలా ఉంటాయి, మొదటి మూడు నెలలు నేను ఎవరి కింద పనిచేస్తాను. పని చేయడానికి వచ్చినవాడికి వచ్చే ప్రశ్నలు అవి.

18,000 కోర్సు మాటకొస్తే, చేరొద్దు అనే చెప్తాను. నలుగురిలో నిలబడితే కాళ్లు వణికేంత భయం ఉంటే అలాంటి క్లాసులు కొంత పనికొస్తాయి, ఆ మేరకు ఒప్పుకుంటాను. కానీ దానికి రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉచితంగా నడిపే కోర్సులు, జాబ్ మేళాలు ఉన్నాయి, ముందు వాటిని చూడు. ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి చెప్తాను. రోజూ రాత్రి ఫోన్లో రికార్డర్ పెట్టి, ఆరోజు చేసిన ఒక రిపేరు రెండు నిమిషాల్లో చెప్పు. ఏం ఆగింది, ఎలా కనిపెట్టావు, ఏం చేశావు, ఇప్పుడెలా ఉంది. మర్నాడు పొద్దున్న విను. మొదటి వారం నీ గొంతు నీకే నచ్చదు. నెల తిరిగేసరికి "అంటే", "అదే", "మరి" అనేవి రాలిపోతాయి. ఖర్చు లేదు.

ముందు ఏది అన్నావు కదా. నీ వయసుకి, నీ పనికి, ముందు చేతిపని. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి క్లాంప్ మీటర్ ఒకటి కొనుక్కో, మిగిలింది దాచుకుని పీఎల్‌సీ (మెషిన్లను ప్రోగ్రాముతో నడిపే చిన్న కంప్యూటర్) బేసిక్స్ నేర్పే చోట చేరు. నేను చేరినప్పుడు ప్యానెల్ అంటే రిలేలు, టైమర్లు. ఇప్పుడు అదే డబ్బాలో పీఎల్‌సీ, మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ ఉంటున్నాయి. నేను నలభై దాటాక పీఎల్‌సీకి ప్రోగ్రాం రాసే లాడర్ లాజిక్ నేర్చుకున్నాను, పదేళ్లు చిన్నవాడి పక్కన కూర్చుని. హార్డ్ స్కిల్స్‌తో వచ్చిన చిక్కే అది, ఎప్పటికప్పుడు పాతబడిపోతాయి. అప్రెంటిస్ చేయలేదంటే అదీ చెయ్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా వాళ్లకి కంపెనీల్లో స్టైపెండ్ ఇస్తూ ఏడాది శిక్షణ ఉంటుంది. మన దక్షిణాదికి దాన్ని చూసే బోర్డు చెన్నైలో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్లోనే. స్టైపెండ్ తక్కువని మొహం తిప్పుకోకు. రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలో నేర్పేది ఆ ఏడాదే. దాంతోపాటు ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పర్మిట్‌కి నీ అర్హత ఎప్పటికి వస్తుందో కనుక్కుని ఉంచు. మెయింటెనెన్స్‌లో పైకి వెళ్లాలంటే ఆ కాగితం అడుగుతారు.

అయితే చేతిపని ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఎంత దూరం వెళ్తావు అన్నదానికి కొంచెం లెక్క ఉంది. డేవిడ్ డెమింగ్ అనే ఆర్థికవేత్త అమెరికాలో 1980 నుంచి 2012 దాకా ఉద్యోగాలను తీసుకుని 2017లో ఒక పరిశోధన ప్రచురించాడు. లెక్కలు బాగా కావాలి గానీ మనుషులతో పెద్దగా పని లేదు అన్న ఉద్యోగాల వాటా ఆ కాలంలో తగ్గింది. రెండూ కలిసి కావాల్సిన ఉద్యోగాలు, వాటి జీతాలు పెరిగాయి. అమెరికా సంగతి మనకెందుకు అంటావా, మన ధవళేశ్వరమే చూడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తయిందంటే కాటన్ దొర పేరు చెప్తాం. ఆయన దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? నీటిపారుదల పని తెలిసిన మనిషి, ఆ వేలమంది కూలీలను కూడగట్టి పని నడిపించినవాడు. రాయి ఎక్కడ పడాలో తెలియాలి, ఆ రాయి మోసేవాళ్లు రేపు కూడా పనిలోకి వచ్చేలా చూసుకోవడమూ తెలియాలి.

ఇంకొక్క సంగతి, కొంచెం చేదుది. సాఫ్ట్ స్కిల్స్ వస్తే జీతం దానంతటదే పెరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకు. బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడవాళ్లకి మాట్లాడటం, టైము చూసుకోవడం, సమస్య తీర్చుకోవడం లాంటివి నేర్పించి, నేర్చుకోని వాళ్లతో పోల్చి చూశారు. నేర్చుకున్నవాళ్ల ఉత్పత్తి పెరిగింది. కంపెనీకి పెట్టిన డబ్బుకి రెండు రెట్లకు పైగా వచ్చింది. వాళ్ల జీతం మాత్రం పేరుకి పెరిగిందంతే, దాదాపు ఉన్నచోటే ఉంది. మా ప్లాంటులో రొయ్యల పొట్టు తీసే పీలింగ్ టేబుళ్ల దగ్గర కూడా చూస్తుంటాను. పదిమందిని సర్దుకుని, కొత్తవాళ్లకి నేర్పుకుంటూ, గొడవలు రాకుండా చూసే ఒక పెద్దావిడ ఉంటుంది ప్రతి టేబులుకీ. ఆవిడ లేని రోజు ఆ టేబులు పని సగమే. ఆవిడకి దానికి వేరే డబ్బు లేదు. అందుకని రేపు ఉద్యోగం వచ్చాక నువ్వు చేసినవి ఎప్పటికప్పుడు తారీఖుతో ఒక పుస్తకంలో రాసుకో. ఫలానా రోజు ఫలానా మోటారు మాడకుండా ఆపాను, ఫలానా ఇద్దరికి పని నేర్పాను అని. జీతం పెంచమని అడగడం కూడా ఒక సాఫ్ట్ స్కిలే. అది మనవైపు వాళ్లకి మరీ తక్కువ.

తెలుగులో మాట్లాడొచ్చా అన్నావు. మన చుట్టుపక్కల ప్లాంట్లు, రైస్ మిల్లులు, ఫీడ్ కంపెనీల్లో మెయింటెనెన్స్ ఉద్యోగానికైతే నిక్షేపంగా మాట్లాడొచ్చు. మొదట్లోనే "తెలుగులో చెప్పొచ్చాండీ?" అని అడిగెయ్. నేనైతే ఇంతవరకూ వద్దనలేదు. బయట రాష్ట్రాల వాళ్లు ఇంటర్వ్యూ చేస్తే ఇంగ్లీషు కావాలి, హిందీ కూడా పనికొస్తుంది. కానీ అక్కడ కావాల్సింది ఉపన్యాసం కాదు. "పంప్ ట్రిప్డ్ టూ టైమ్స్, కరెంట్ ఎయిట్ పాయింట్ ఫైవ్, ఐ స్టాప్డ్ ఇట్" అన్నంత ఇంగ్లీషు చాలు, వ్యాకరణం ఎవడూ దిద్దడు. లాగ్ బుక్కు మాత్రం చాలాచోట్ల ఇంగ్లీషులోనే రాయాలి. కాబట్టి ఈ రాత్రి నుంచే నాన్న చెరువు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, ఏ ఏరియేటర్ ఎన్నింటికి ఆగింది, ఎంత కరెంటు లాగింది, ఏం మార్చావు అన్నది వచ్చీరాని ఇంగ్లీషులోనే రాయడం మొదలుపెట్టు. తర్వాతి ఇంటర్వ్యూకి ఆ పుస్తకం చేత్తో పట్టుకెళ్లు. మట్టి మరకలు ఉన్నా పర్లేదు, అట్ట వేయకు.

బయోడేటా మార్చాక ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను. ఫోన్ నంబరు, అడ్రసు మాత్రం తీసేసి పెట్టు.